ఐదుగురి పెట్టె, తొమ్మిది మంది ఆటగాళ్లు: డంజియన్స్ అండ్ డ్రాగన్స్ స్టార్టర్ సెట్ సమీక్ష

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అంటే తలా ఒక పాత్రగా మారి, మాటలతో పాచికలతో సాహసకథ నడిపించే ఆట. కొత్తవారి కోసం విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2014లో విడుదల చేసిన దాని స్టార్టర్ సెట్‌ను విజయనగరంలో మా ఇంటి హాల్లో చాపలు పరుచుకుని, దసరా సెలవుల్లోనూ ఆ తర్వాతి ఆదివారాల్లోనూ ఆడాం. ఈ పెట్టె కొత్తవారికి బాగుంటుందన్న మాట చాలామంది చెప్పినదే, దానితో నాకు పేచీ లేదు. అయితే మన ఇళ్లలో ఆట మొదలుపెడితే నలుగురైదుగురితో ఆగదు. పిన్ని పిల్లలు, మేనత్త పిల్లలు, వాళ్ల వెంట వచ్చిన స్నేహితులు అందరూ వచ్చి కూర్చుంటారు, ఎవరినీ లేచి వెళ్లమనలేం. అలా తొమ్మిది మంది చేరినప్పుడు ఈ పెట్టె ఎంతవరకు అక్కరకు వస్తుందో చెప్పడానికే ఈ సమీక్ష.

పెట్టెలో 64 పేజీల సాహసగాథ పుస్తకం, 32 పేజీల నియమాల పుస్తకం, ముందే తయారుచేసిన ఐదు పాత్రల పత్రాలు, ఆరు పాచికలు ఉంటాయి. ఒకరు గేమ్ మాస్టర్‌గా కథ నడిపిస్తే, మిగిలినవారు తలా ఒక పాత్రను తీసుకుని, తాము ఏం చేయదలచుకున్నారో నోటితో చెబుతారు. ఫలితం సందేహంగా ఉన్న చోట 20 ముఖాల పాచిక వేసి తేలుస్తారు. సాహసగాథ ఒకటో స్థాయి పాత్రలతో మొదలై అయిదో స్థాయి వరకు సాగుతుంది. కథలో ఏమవుతుందో ఇక్కడ చెప్పను కానీ, మొదటిసారి మాస్టర్‌గా కూర్చునే వ్యక్తిని చెయ్యి పట్టుకుని నడిపించేలా రాసిన పుస్తకాల్లో ఇది చాలా మంచిదని మాత్రం గట్టిగా చెప్పగలను. అంతా ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి, మాస్టర్ చదివి వినిపించాల్సిన వర్ణనలను ముందురోజే తెలుగులో చెప్పుకుని చూసుకోవడం మేలు.

ఇక కొరతల సంగతి. సిద్ధపాత్రలు ఐదే, పైగా కొత్త పాత్రను తయారుచేసుకునే పద్ధతి ఈ నియమాల పుస్తకంలో లేదు. ఆరో ఆటగాడు వచ్చిన క్షణంలోనే ఈ లోటు తెలుస్తుంది. దీనికి మార్గం ఉంది: అదే సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చిన బేసిక్ రూల్స్‌లో మనిషితోపాటు ఎల్ఫ్, డ్వార్ఫ్, హాఫ్లింగ్ అనే కల్పిత జాతులూ, యోధుడు, మాంత్రికుడు, పూజారి, దొంగ అనే నాలుగు వృత్తులూ ఉన్నాయి, మిగిలిన నలుగురికి పాత్రలు వాటితోనే చేసిపెట్టాను. పాచికలు ఒక్క సెట్టే కావడం ఇంకా పెద్ద ఇబ్బంది. 20 ముఖాల పాచిక ఒక్కటే తొమ్మిది మంది చేతులు మారుతూ, మధ్యలో చాప కిందికో మంచం కిందికో దొర్లిపోతూ ఉంటే ఆట ఊపు అక్కడికక్కడే చచ్చిపోతుంది.

పెద్ద గుంపుకు అసలు పరీక్ష యుద్ధంలో ఎదురవుతుంది. ఈ ఆటలో పోరాటపు ఒక్కో రౌండు కథలో 6 సెకన్లకు సమానం. బయట మాత్రం ఒక్కో ఆటగాడు ఆలోచించి, అడిగి, పాచిక వేసి, కూడి చెప్పడానికి రెండు నిమిషాలు తీసుకున్నా తొమ్మిది మందికి 18 నిమిషాలవుతుంది, శత్రువుల వంతు దానికి అదనం. తన వంతు అయిపోయిన పిల్లవాడు మళ్లీ నోరు విప్పడానికి 16 నిమిషాలకు పైగా ఆగాలి. "మావయ్యా, నా వంతు మళ్లీ ఎప్పుడొస్తాది?" అని మా మేనల్లుడు అడిగిన ప్రశ్న న్యాయమైనదే, దానికి ఈ పుస్తకంలో జవాబు లేదు.

మాకు పనికొచ్చిన ఉపాయాల్లో అన్నిటికంటే చవకైనది బట్టలు ఆరేసే క్లిప్పులు. ఒక్కో క్లిప్పు మీద ఒక్కో పాత్ర పేరు రాసి, పెట్టె మూతను నిలువుగా నిలబెట్టి, ఇనీషియేటివ్ పాచికలో (యుద్ధంలో ఎవరి వంతు ముందో తేల్చేది) వచ్చిన వరుస ప్రకారం మూత అంచుకు తగిలిస్తే, ఎవరి తర్వాత ఎవరో హాల్లో ఏ మూల కూర్చున్నవారికైనా కనిపిస్తుంది. ఒకరిని పిలిచేటప్పుడే తర్వాతి వ్యక్తి పేరు కూడా చెప్పి సిద్ధంగా ఉండమంటే, ఆలోచించే సమయం ఇతరుల వంతులో కలిసిపోతుంది. దెబ్బ తగిలిందో లేదో తేల్చే దాడి పాచికనూ, ఎంత గట్టిగా తగిలిందో చెప్పే నష్టం పాచికనూ ఒకేసారి వేయించాలి. శత్రువుల నష్టానికి పాచికలు వేయనక్కర్లేదు: గోబ్లిన్ అనే పొట్టి రాక్షసి వివరాల్లో దెబ్బకు 5 అని సగటు ముందే అచ్చువేసి ఉంది, దాన్నే వాడుకోవచ్చు. ఈ నాలుగు పద్ధతులు అలవాటయ్యాక రౌండు చెప్పుకోదగ్గంత కురచయింది.

శత్రువుల సంఖ్య దగ్గర మాస్టర్ తన బుద్ధి ఉపయోగించక తప్పదు. తొలి ఘట్టంలో ఎదురయ్యేవి నాలుగు గోబ్లిన్‌లు, ఒక్కోదాని ప్రాణబలం 7. తొమ్మిది మంది ముందుగా కొడితే అవి కత్తి ఎత్తకముందే నేలకూలుతాయి. అలాగని సంఖ్యను ఒకేసారి రెట్టింపు చేస్తే, గోబ్లిన్ దెబ్బ 3 నుంచి 8 వరకు పడే ఈ ఆటలో ఒకటో స్థాయి మాంత్రికుడు రెండు దెబ్బలకు మించి నిలవడం కష్టం. నాలుగింటిని ముందు ఉంచి, రెండో రౌండులో మరో మూడింటిని చెట్ల వెనకనుంచి రప్పించడం నాకు నచ్చిన మార్గం. అవసరం లేదనిపిస్తే ఆ మూడూ రాకుండానే ఆపేయవచ్చు, ఆ వెసులుబాటు చాలా విలువైనది.

యుద్ధం లేని చోట సమస్య మరోలా ఉంటుంది: గొంతు పెద్దగా ఉన్న ఇద్దరు ముగ్గురే నిర్ణయాలన్నీ చేసేస్తారు, చిన్నవాళ్లు చూస్తూ కూర్చుంటారు. 1974లో వచ్చిన ఈ ఆట తొలి నియమాల్లో ఒక కథాక్రమంలో నలుగురి నుంచి యాభై మంది వరకు ఆడవచ్చనీ, సుమారు ఇరవై మందికి ఒక రిఫరీ, అంటే మాస్టర్, ఉండాలనీ రాశారు. 1981 నాటి బేసిక్ నియమాల్లో గుంపు తరఫున మాస్టర్‌తో మాట్లాడే కాలర్, దారి పటం గీసే మ్యాపర్ అనే బాధ్యతలు కనిపిస్తాయి. పెద్ద గుంపులు మామూలైన రోజుల్లో పుట్టిన ఈ ఏర్పాట్లను కొత్త పెట్టెల్లో వదిలేయడం నాకు బాధగానే ఉంది. మేము కాలర్ బాధ్యతను ప్రతి ఆదివారం ఒకరికి మార్చి మార్చి ఇచ్చాం. పటం గీసే పని, దొరికిన సొమ్ము లెక్క రాసే పని తొమ్మిది, పదేళ్ల పిల్లలకు అప్పగించాం. అందరూ కలిసి చప్పుడు చేయకుండా దాటాల్సిన చోట బేసిక్ రూల్స్‌లోని గుంపు పరీక్ష బాగా ఉపయోగపడింది. అందరూ పాచిక వేస్తారు, సగం మంది గెలిచినా గుంపంతా గెలిచినట్టే. అది లేకపోతే తొమ్మిది మందిలో ఎవరో ఒకరి పాచిక తప్పక తిరగబడుతుంది.

ఇన్ని చేసినా ఏడుగురు దాటితే ఒక్క మాస్టర్‌తో ఈ సాహసగాథ పూర్తి రుచి ఇవ్వదన్నదే నా తీర్పు. నియమాలు బాగా వంటబట్టిన పెద్దపిల్ల ఒకతి రెండో మాస్టర్‌గా ఒప్పుకున్నాక, గుంపును నలుగురూ నలుగురుగా విడగొట్టి రెండు గదుల్లో కూర్చోబెట్టాం. ఒక గుంపు ఊళ్లో వాకబు చేస్తుంటే మరొకటి గుహకు వెళ్లింది, టిఫిన్ వేళకు కలుసుకుని ఎవరికి ఏం తెలిసిందో చెప్పుకున్నారు. అంతవరకు పెదవి విప్పని పిల్లలు ఆ పూట పోటీపడి మాట్లాడారు.

ఐదుగురికైతే ఈ పెట్టెను కళ్లు మూసుకుని కొనవచ్చు. 2022లో దీని స్థానంలో వచ్చిన స్టార్టర్ సెట్‌లోనూ సిద్ధపాత్రలు ఐదే కాబట్టి, పెద్ద గుంపు ఉన్నవారు ఈ రెండింటిలో ఏది కొన్నా నేను చెప్పిన ఏర్పాట్లు చేసుకోవాల్సిందే. పెట్టెతోపాటే కనీసం మరో మూడు సెట్ల పాచికలు ఆర్డర్ పెట్టండి, పాత్ర పత్రాలను ముందే జిరాక్స్ తీయించి ఉంచుకోండి, ఎందుకంటే తినుబండారాల నూనె చేతులతో ఆ ఐదు కాగితాలూ ఎన్నాళ్లో నిలవవు.