గౌను సంచీతో బెంగళూరుకు

పోటీలో మాకు మూడో స్థానం వచ్చింది. ఆ సంగతి తర్వాత. డాన్సు పోటీకి వేరే ఊరు వెళ్లొచ్చానంటే తెలిసినవాళ్లు ముందుగా అడిగేది ఎలా వెళ్లారు, ఎక్కడ దిగారు, ఎంతయింది అనే కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతాను.

నేను సికింద్రాబాద్‌లో బాల్‌రూమ్ డాన్సు, అంటే పాశ్చాత్య పద్ధతిలో జంటగా ఆడే డాన్సు, నేర్పుతాను. నేను నేర్చుకున్నది లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దాయన దగ్గర. నాతో పోటీకి వచ్చినావిడ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, వయసు 61. చిన్నప్పుడు మచిలీపట్నంలో నాలుగేళ్లు కూచిపూడి నేర్చుకుని, చదువుల గొడవలో మానేశారట. నేను ఆవిడను మేడం అంటాను. నాకంటే పాతికేళ్లు పెద్దావిడైనా నన్ను మాస్టారూ అనే పిలుస్తారు.

మేం వెళ్లింది ప్రో-ఆమ్ విభాగంలో. అంటే గురువు, శిష్యురాలు జంటగా ఆడతారు, మార్కులు మాత్రం శిష్యురాలికే. నేను బ్రహ్మాండంగా చేసినా ఒరిగేదేం లేదు. నేను తప్పు చేస్తే మాత్రం ఆవిడ దెబ్బతింటారు. ఈ టెన్షన్ రైలెక్కిన దగ్గర్నుంచీ నాకే ఉంది, ఆవిడకు లేదు.

కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్ వెళ్లే వందే భారత్ ఎక్కాం. తెల్లవారుజామున ఎక్కితే మధ్యాహ్నానికి దింపేస్తుంది, దాదాపు ఎనిమిదిన్నర గంటలు. రైలు శుభ్రంగా ఉంది, ఉప్మా ఫరవాలేదు. చిక్కల్లా గౌనుతోనే వచ్చింది. మేం పోటీలో ఆడేది వాల్ట్జ్ అనే డాన్సు, దానికి మేడం వేసుకునే గౌను అంటే పొరలు పొరలుగా పదిహేను గజాల గుడ్డ. మడతపెడితే నలిగిపోతుంది, పైన అరలో పడుకోబెడదామంటే పక్కవాళ్ల సూట్‌కేసులు. కర్నూలు దాకా ఒళ్లో పెట్టుకున్నాను. అక్కడ ఎక్కినాయన "పెళ్లికా సార్?" అని అడిగి, డాన్సు పోటీకని తెలిశాక మా ఇద్దరినీ ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగాడు.

గది విషయంలో తప్పు పూర్తిగా నాదే. ఫొటోలు చూసి ఇందిరానగర్‌లో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్ బుక్ చేశాను. రెండు పడగ్గదులు, వంటిల్లు, వాషింగ్ మెషీన్ అన్నీ బాగానే ఉన్నాయి. కిందే పబ్ ఉందని మాత్రం ఫొటోల్లో కనిపించలేదు. మేం దిగింది శుక్రవారం. రాత్రి ఒంటిగంట దాకా గోడలు అదిరాయి. పదకొండింటికి మేడం తలుపు కొట్టి, "మాస్టారూ, ఇదేదో చాచా డాన్సు స్పీడులో ఉంది, మన వాల్ట్జ్‌కి పనికిరాదు" అన్నారు. నాకు నవ్వు రాలేదు. రెండో రాత్రి డబ్బులైనా వెనక్కివ్వమంటే ఫోన్లో ఒకటే మాట, పాలసీ ఒప్పుకోదు సార్ అని.

పొద్దున్నే మల్లేశ్వరం మారిపోయాం. పాతకాలపు లాడ్జి, లిఫ్టు లేదు, వేడినీళ్లు ఎనిమిదింటి వరకే. రెండు గదులు కావాలంటే కౌంటర్లో కుర్రాడు రెండు ఆధార్ కార్డులు పక్కపక్కన పెట్టి, ఇంటిపేర్లు వేరేగా ఉండేసరికి, "మీరేమవుతారు?" అన్నాడు తెలుగులోనే. హిందూపురం అబ్బాయట. నేను నీళ్లు నములుతుంటే మేడం, "మా గురువుగారు బాబూ, నాకు పాఠం చెప్తారు" అన్నారు. అతను వెంటనే లేచి నించున్నాడు. ఏం పాఠమనుకున్నాడో తెలీదు గానీ, మేం ఉన్నంతసేపూ నాకు కాఫీ స్టీలు గ్లాసులో కాకుండా కప్పులో వచ్చింది.

నిజానికి ఆ లాడ్జిని నేను మెచ్చుకునేది దాని వరండా కోసం. పొడుగాటి వరండా, కాళ్ల కింద నున్నటి ఎర్ర గచ్చు. మా బూట్ల అడుగున గరుకు తోలు ఉంటుంది, బయట రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే చాలు, దుమ్ము పట్టి పాడైపోతుంది. టైల్స్ మీద ఆ బూట్లు జారతాయి, సిమెంటు మీద పట్టేస్తాయి. ఆ గచ్చు మాత్రం రెండింటికీ మధ్యలో సరిగ్గా అమరింది. పొద్దున ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని అలాగే నిలబడి మమ్మల్ని చూసింది, మా తొలి ప్రేక్షకురాలు. అదే రోజు గంటకు ఎనిమిది వందలిచ్చి ఒక స్టూడియో కూడా తీసుకున్నాం. చెక్క నేల, నిలువెత్తు అద్దాలు, ఏసీ. కానీ మాకంటే ముందున్న జుంబా బ్యాచ్ వాళ్లు కదలకపోవడంతో మా గంటలో పావుగంట పోయింది. మళ్లీ వెళ్తే స్టూడియో తీసుకోను.

మల్లేశ్వరంలో ఉండి సీటీఆర్ హోటల్లో బెన్నె దోసె, అంటే వెన్న దోసె, తినకుండా ఉండటం కష్టం. పోటీ ముందురోజు మేడం ఒకటి తిన్నారు, నేను రెండు తిన్నాను. ఆ వెన్నతో సాయంత్రం ప్రాక్టీసులో నా ఒళ్లు కదల్లేదు. దోసె తప్పేం లేదు, నేను తిన్న రోజే తప్పు. ఇక తిరగడానికి మెట్రో బాగా పనికొచ్చింది. సంపిగె రోడ్ స్టేషన్లో ఎక్కి మెజెస్టిక్‌లో మారితే నేరుగా ఎంజీ రోడ్. అయితే మెజెస్టిక్ రద్దీలోకి గౌను సంచీతో దిగొద్దు. పోటీ రోజు ఆటోలో వెళ్లాం. ఆ డ్రైవరుది కళ్యాణదుర్గం, దారి పొడవునా వేరుశనగ ధర గురించి మేడంతో మాట్లాడాడు.

పోటీ జరిగింది ఒక పెద్ద హోటల్ బాంకెట్ హాల్లో. కార్పెట్ మీద చెక్క పలకలు జోడించి నేల వేశారు. దూరం నుంచి అద్దంలా ఉంది, దగ్గరికెళ్తే అతుకుల దగ్గర చిన్న చిన్న ఎత్తుపల్లాలు. పైగా విపరీతమైన జారుడు. బూటు అడుగు తోలును గరుకు చేసే వైర్ బ్రష్ మా సంచీలో ఉంది కాబట్టి బతికాం, ఆ రోజు మా దగ్గర అది అరువడిగినవాళ్లు ఏడుగురు. పొద్దున అందరికీ కలిపి ఇరవై నిమిషాలు నేల అలవాటు చేసుకోవడానికి ఇచ్చారు. మేకప్ కోసం చాలామంది అది వదులుకున్నారు. మేకప్ అమ్మాయి ఎలాగూ గంటన్నర ఆలస్యంగా వచ్చింది. మేడం అప్పటికే కొప్పు తనే చుట్టేసుకున్నారు, కూచిపూడి రోజుల చెయ్యి కదా, ఒక్క పిన్నూ ఊడలేదు.

కాగితం మీద మా రౌండు పదకొండున్నరకి. పిలిచింది రెండు దాటాక. మేడంకి షుగర్. బయటి తిండి లోపలికి తేవద్దన్నారు, లోపల బఫే మనిషికి పన్నెండు వందలు. ఆవిడ లాడ్జి నుంచి డబ్బాలో ఇడ్లీ, నెయ్యి కలిపిన కారప్పొడి తెచ్చుకున్నారు. చట్నీ అయితే ఎండకి పులిసిపోతుందని ముందే ఆలోచించారు. పట్టు చీర కట్టుకుని పెళ్లిపందిట్లో వడ్డన చేసే మనిషిలా గౌను ఎత్తి పట్టుకుని, సర్వీస్ మెట్ల మీద కూర్చుని రెండు ఇడ్లీలు తిన్నారు. సెక్యూరిటీ అతను చూసీ చూడనట్టు పోయాడు.

వాల్ట్జ్ సంగతి తెలియనివాళ్లకి: అది మూడు అంకెల లయ, మన తిశ్రం. నేను మేడంకి నేర్పింది కూడా తకిట, తకిట అనే. జంటలన్నీ హాల్లో గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి. కూచిపూడిలో మోకాళ్లు వంచి నిలబడే అరమండిలో పెరిగిన ఒళ్లు కాబట్టి మోకాళ్లు నిటారు చేసి పైకి లేవడం ఆవిడకి ఎనిమిది నెలలకు గానీ పట్టుబడలేదు. మూడు అంకెలు కలిస్తే ఒక బారు. మేం నిమిషానికి 28 బార్ల మీద సాధన చేశాం, అక్కడ పెట్టిన పాట 30. నిమిషానికి ఆరు అడుగులు ఎక్కువన్నమాట. వింటే ఏముంది అనిపిస్తుంది, ఆడితే ఊపిరి తేడా తెలుస్తుంది.

రెండో మూల తిరిగేటప్పుడు నా బూటు పలకల అతుకులో తట్టుకుంది. నాదే, ఆవిడది కాదు. అర అంకె పోయింది. కంగారులో తర్వాతి అడుగు లాగేయబోయాను. ఆవిడ రాలేదు. మూడో అంకె మీద పైకి లేచిన ఒళ్లు అక్కడే నిలబెట్టి, నేను సర్దుకుని వచ్చేదాకా ఆగి, అప్పుడు మడమ దించారు. బయటినుంచి చూసినవాళ్లకి అది కావాలని పెట్టిన ఆగుడులా ఉండొచ్చు. దిగాక అడిగితే, "మా మాస్టారు తాళం తప్పినా నట్టువాంగం ఆగేది కాదండీ, మనమే ఆగి కలిసేవాళ్లం" అన్నారు. నట్టువాంగమంటే కూచిపూడిలో గురువు తాళాలు కొడుతూ జతులు చెప్పడం. ఆవిడ మాట పొగడ్తో చురకో నాకింకా తేలలేదు.

ఫలితాల కాగితం చూసి మేడంలో బ్యాంకు మనిషి నిద్ర లేచారు. ఫైనల్లో ఆరు జంటలు, ఐదుగురు జడ్జీలు. ఒక జంటకి వచ్చిన ర్యాంకులు 1, 1, 1, 4, 5. ఇంకో జంటకి 2, 2, 2, 1, 1. మొదటివాళ్లకే ఫస్ట్ ఇచ్చారు. "సగటు తీస్తే వీళ్లకి 2.4, వాళ్లకి 1.6 కదా, ఇదేం లెక్క?" అని నిలదీశారు. ఇక్కడ సగటు తీయరు. స్కేటింగ్ సిస్టమ్ అని, ఎక్కువమంది జడ్జీలు ఏ స్థానానికి ఒప్పుకున్నారో చూస్తారు. ఐదుగురిలో ముగ్గురు ఫస్ట్ అన్నారంటే అది ఫస్టే. మాకు 4, 3, 5, 2, 3. మూడు లేదా అంతకన్నా మెరుగు అన్నవాళ్లు ముగ్గురు, అందుకే మూడో స్థానం. "సరే, ఓట్ల లెక్కన్నమాట" అని ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నారు. ఐదు ఇచ్చిన జడ్జి రెండో మూల దగ్గర నిలబడినాయనే అని నా అనుమానం. అది ఆవిడతో అనలేదు.

సాయంత్రం రెసిడెన్సీ రోడ్డులో నాగార్జునకి వెళ్లి ఆంధ్ర భోజనం చేశాం. పప్పు, పొడి, నెయ్యి, ఆకులో వేడన్నం. ఈ ప్రయాణం మొత్తంలో మారు ఆలోచన లేకుండా మంచిదని చెప్పగలిగిన ఖర్చు అదే.

తిరుగు ప్రయాణం రాత్రి రైల్లో. గౌను పై బెర్తులో పడుకుంది, నేను కింద ముడుచుకుని కూర్చున్నాను. సోమవారం అద్దె షాపులో ఇచ్చేస్తే, అంచు దగ్గర కారప్పొడి నూనె మరక ఉందని అడ్వాన్సులో మూడొందలు కోశారు. మేడం భూతద్దం అడిగి మరీ చూసి, అది నూనె కాదు, నేతి మరక అని తేల్చారు. మూడొందలు మాత్రం తిరిగి రాలేదు.