ప్యాటర్న్ సాఫ్ట్‌వేర్ మూడేళ్లు వాడాక: గుడ్డ పొట్టి అయ్యే సంగతి అది చెప్పదు

తిరుపతి కరకంబాడి రోడ్డులో మాది పన్నెండు మిషన్ల కుట్టు యూనిట్. ఆడపిల్లల పావడ జాకెట్లు, కలంకారీ యోక్ (భుజాల నుంచి ఛాతీ దాకా వేసే విడి ముక్క) పెట్టిన కుర్తీలు కుడతాం. ప్యాటర్న్, అంటే గుడ్డ కోయడానికి వాడే అట్టలు, కంప్యూటర్ మీద గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్ తీసుకుని ఈ శ్రావణానికి మూడేళ్లు. దాని పేరు రాయడం లేదు. అమ్మినవాళ్లతో సర్వీసు విషయంలో నాకు ఇంకా పేచీ ఉంది, పైగా ఈ తరహావన్నీ చేసే పని దాదాపు ఒకటే. చిన్న యూనిట్‌కి ఇది అవసరమా అని అడిగేవాళ్ల కోసం రాస్తున్నాను.

అంతకుముందు మా పద్ధతి ఏమిటంటే ఆది. షాపువాళ్లు బాగా అమ్ముడైన ఒక పీసు తెచ్చిస్తారు, ‘ఇదే, మెడ కొంచెం మార్చండి’ అంటారు. మాస్టర్ దాన్ని పరిచి అట్ట కోస్తాడు, శాంపిల్ కుడతాం, పంపుతాం. ‘చంక పట్టేస్తోంది’ అని తిరిగొస్తుంది. ఇంకొకటి కుడతాం. ఒక్కో డిజైన్‌కి ఐదారు శాంపిల్స్ అయ్యేవి. పాపం అట్టల తప్పేమీ లేదు. ఏ శాంపిల్‌లో ఏం మార్చామో ఎక్కడా రాసి ఉండేది కాదు, మూడోసారి సరిచేసిన చంక ఐదోసారికి మళ్లీ మొదటికొచ్చేది.

సాఫ్ట్‌వేర్ బాగా చేసే పని గ్రేడింగ్. ఒక సైజు అట్ట నుంచి మిగతా సైజులు దింపడం. ఛాతీ చుట్టుకొలత రెండంగుళాలు పెరిగితే పావు ప్యాటర్న్‌లో, అంటే చుట్టుకొలతలో నాలుగో వంతుకి గీసే అట్టలో, అరంగుళం పెరగాలి. భుజం అంత పెరగదు, మెడ ఇంకా తక్కువ. చేత్తో చేస్తే మా మాస్టర్‌కి ఒక పూట పట్టేది. చివరి సైజు దగ్గరికి వచ్చేసరికి చంక గుండ్రం ఎక్కడో ఒకచోట గాడి తప్పేది. ఇప్పుడు చంక గుండ్రం, చేతి పైభాగం పక్కపక్కన కొలిచి చూపిస్తుంది. ప్రతి సైజులోనూ తేడా ఎంతో కనిపిస్తుంది కాబట్టి మిషన్ మీద చెయ్యి బలవంతంగా సాగదీసి కుట్టే అవస్థ పోయింది. ఈ ఒక్క పనికే పెట్టిన డబ్బులో సగం తిరిగొచ్చిందని నా లెక్క.

మార్కర్ వేయడం, అంటే గుడ్డ వెడల్పులో ముక్కలన్నీ వృథా లేకుండా సర్దడం, కూడా బాగుంది, కానీ వెడల్పు మీరు నిజం చెప్పాలి. బిల్లు మీద 44 అంగుళాలని ఉంటుంది. అంచులు తీసేస్తే పనికొచ్చేది అంతకంటే తక్కువ, పైగా నగరి వైపు పవర్‌లూమ్ గుడ్డ మా దగ్గరికి వచ్చేసరికి రోల్‌కీ రోల్‌కీ తేడా. మొదటి నెల 44 అని కొట్టి మార్కర్ తీశాం. కోయడానికి గుడ్డ పొరలు పరిచాక ఒక పక్క చేతి ముక్కలు గుడ్డ దాటి బయటికి పోయాయి. మాస్టర్ నన్ను ఏమీ అనలేదు, టేప్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఇక అసలు సంగతి. మొదటి ఏడాది దసరాకి గాంధీ రోడ్డు షాపాయన ఫోన్ చేశాడు. ‘మ్మా, పావడ ఒక్క ఉతుక్కే పొట్టి అయిపోయిందని ముగ్గురు తెచ్చిచ్చినారు.’ కంప్యూటర్‌లో కొలతలు చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. శాంపిల్ కూడా సరిగ్గానే ఉంది, ఎందుకంటే దాన్ని మేము ఉతకలేదు. మగ్గం మీదా, ఆ తర్వాత ఫినిషింగ్‌లోనూ నూలు పోగు సాగి బిగుతుగా ఉంటుంది. నీళ్లు తగలగానే వదులై వెనక్కి వస్తుంది. తరతరాలుగా మన దర్జీలకు తెలిసిన విషయమే ఇది. మాస్టర్ అన్న మాట: ‘తడపకుండా కోస్తే పూచీ మీదేనమ్మా.’ నేనే కంప్యూటర్ ఉంది కదా అనుకున్నాను.

ఆ రోజు నుంచి ప్రతి రోల్ నుంచీ ఒక ముక్క తీసి 50 సెంటీమీటర్ల చదరం గీసి, ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి కొలుస్తున్నాం. ఒక కాటన్‌కి పడుగు (నిలువు పోగు) వైపు 48 వచ్చింది, అంటే 4 శాతం. పేక (అడ్డం పోగు) వైపు 49. పావడ పొడవు 26 అంగుళాలైతే ఒక్క ఉతుకులో అంగుళం పైన పోతుందన్నమాట. సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండు అంకెలూ విడివిడిగా వేసే చోటు ఉంది, వేస్తే ముక్క 27 అంగుళాల పైచిలుకుకు పెరుగుతుంది. ఒకసారి పడుగు పేకలు తారుమారుగా వేసి జాకెట్లన్నీ వదులు చేసుకున్నాం, అది నా చేతి చలవే.

కలంకారీ దగ్గర ఇది ఇంకా తిరకాసు. శ్రీకాళహస్తి గుడ్డ మన దగ్గరికి వచ్చేలోపే కరక్కాయ, పాలల్లో నానుతుంది, రంగు రంగుకీ మధ్య నీళ్లలో జాడిస్తారు. పొట్టి కావాల్సిందంతా అక్కడే అయిపోయి వస్తుంది. దాన్ని యోక్‌గా పెట్టి, కింద ఉతకని మిల్లు కాటన్ కలిపి కుట్టామా, కొన్నామె మొదటిసారి ఉతకగానే కింది గుడ్డ లాక్కుంటుంది, యోక్ లాక్కోదు. కుట్టు పొడవునా ముడతలు. యోక్ ముక్కకి సున్నా, కింది భాగానికి 4 అని వేరువేరుగా వేయడం మొదలుపెట్టాక ఆ ఫిర్యాదు ఆగింది. దీని కోసం మాత్రం ఈ సాఫ్ట్‌వేర్‌కి నేను రుణపడి ఉన్నాను. అయితే ఈ బుద్ధి దానికి లేదు, మనమే చెప్పాలి. కలం పట్టి వేసిన బొమ్మ ఏ రెండు ముక్కల్లోనూ ఒకేలా ఉండదు కాబట్టి అక్కడ మార్కర్‌ను నమ్మకూడదు. నెమలి తల భుజం కుట్టులోకి పోకుండా మాస్టర్ కంటితో చూసుకునే కోస్తాడు.

ఫోన్‌తో ఫోటో తీస్తే అట్ట కంప్యూటర్‌లోకి వచ్చేస్తుందని అమ్మేటప్పుడు చెప్పారు. వస్తుంది, కానీ ఫోన్ ఏమాత్రం వాలినా చంక దగ్గర పావంగుళం తేడా. అందుకని కొలతలు చేత్తోనే కొడుతున్నాం. మా ప్లాటర్, అంటే అట్టల్ని అసలు సైజులో ప్రింటు తీసే మిషన్, చెన్నైలో కొన్న సెకండ్ హ్యాండ్‌ది. ప్రతి ప్రింటు మూలలో 10 సెంటీమీటర్ల చదరం పెట్టి స్కేలుతో చూసుకున్నాకే కత్తెర పట్టుకుంటాం. డాంగిల్ (అది గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునే యూఎస్‌బీ తాళం) పాడైతే కొత్తది రావడానికి పదకొండు రోజులు పట్టింది, అదీ బ్రహ్మోత్సవాల ముందు. ఆ పదకొండు రోజులూ పాత అట్టలే గతి. వాటిని పారేయనివ్వని మాస్టర్‌కి దండం పెట్టాలి.

రెండో ఏడు త్రీడీ కూడా కలిపి తీసుకున్నాం, తెర మీద బొమ్మకి బట్ట తొడిగి చూసేది. బెంగళూరు బొటిక్ ఆవిడకి రంగులు, యోక్ ఎత్తు చూపించడానికి పనికొచ్చింది, ఒకటి రెండు శాంపిల్స్ మిగిలాయి. కానీ గుడ్డ బరువు, వంగే తీరు, సాగే తీరు కొలిచి వేస్తేనే అది నిజంలా జారుతుంది. రెడీగా ఇచ్చిన లిస్టులో మన పవర్‌లూమ్ గుడ్డ ఎక్కడుంటుంది? పావడ కుచ్చిళ్లు తెర మీద పట్టులా నిలబడితే, కుట్టాక వాయిల్‌లా వాలిపోయాయి. ఏడాది తిరగ్గానే మానేశాం.

శాంపిల్స్ ఇప్పుడు రెండు, మూడుకి వచ్చాయి. నిజం చెప్పాలంటే ఆ తగ్గుదలలో పెద్ద వాటా ఒక కాగితానిది. ప్రతి డిజైన్‌కీ గుడ్డ, ఉతుకు అంకె, కొలతలు, ఎంత తేడా ఒప్పుకుంటామో, అంగుళానికి ఎన్ని కుట్లు, జిప్పు పొడవు, ఏ తేదీన ఎవరు ఏం మార్చమన్నారు, అన్నీ ఒకేచోట. ధర లెక్క కూడా అందులోనే. వెయ్యి దాటితే జీఎస్టీ 5 శాతం కాస్తా 12 అయ్యే రోజుల్లో, ధర గీత దాటకూడదని లైనింగ్ తీసేసిన డిజైన్లు మావి రెండున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ గీత 2,500కు జరిగింది, లైనింగ్ మళ్లీ వచ్చింది. ఈ కాగితం రాయడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, మాది మామూలు ఎక్సెల్ షీటే.

నెలకి ఒకటి రెండు కొత్త డిజైన్లే చేసేవాళ్లు కొనకండి, గ్రేడింగ్ బయట జాబ్‌వర్క్‌గా చేయించుకోవచ్చు. నాలుగు దాటితే ఆలోచించండి. డెమోకి వాళ్ల చొక్కా చూపిస్తామంటే ఒప్పుకోకండి. మీ అట్ట ఒకటి, ఉతికి కొలిచిన గుడ్డ ముక్క ఒకటి తీసుకెళ్లి, ఐదు సైజులు దింపించి, ప్లాటర్ ప్రింటు మీ మాస్టర్ చేతిలో పెట్టించండి. ఫైలు డీఎక్స్ఎఫ్‌లో (వేరే సాఫ్ట్‌వేర్లు కూడా తెరవగలిగే ఫైలు రకం) బయటికి వస్తుందో లేదో అక్కడే చూడండి, రేపు వేరేదానికి మారాలంటే అదే దారి. మేము వచ్చే నెల రెన్యూ చేస్తున్నాం, త్రీడీ లేకుండా, రెండో డాంగిల్ రాసిస్తేనే.