ఉదయపు ధ్యానమా, పని మధ్యలో శ్వాస విరామమా?

ఆఫీసు ఒత్తిడికి రెండూ పనికొస్తాయి, తీరే వేరు. (పనిభారమే మితిమీరితే మాత్రం రెండూ చాలవు, మేనేజరుతో మాట్లాడాల్సిందే.)

మీటింగులో మాట పడ్డాక గుండె దడదడలాడుతుంటే, పొద్దున చేసిన ధ్యానం అప్పటికప్పుడు అక్కరకు రాకపోవచ్చు. అక్కడ రెండు నిమిషాల శ్వాసే మేలు. గాలి పీల్చేదానికన్నా వదిలేది నెమ్మదిగా సాగితే, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ద్వారా గుండె వేగం తగ్గుతుంది. కుర్చీలోంచి లేవక్కర్లేదు, పక్కవాళ్లకు తెలియను కూడా తెలియదు.

రోజూ కూర్చుని చేసే ధ్యానం ఫలితం ఆలస్యం. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టిన ఒత్తిడి తగ్గించే ధ్యాన శిక్షణ కూడా 8 వారాలది. అయితే కోపం తలెత్తుతుండగానే పసిగట్టే అలవాటు ఎక్కువగా దీనితోనే వస్తుంది. నన్నడిగితే, ముందు శ్వాసతో మొదలుపెట్టి, అది అలవాటయ్యాక ధ్యానానికి వెళ్లడం నయం.