"పూర్తయింది" అని నిర్మాణ సంస్థవారు రాసిన జాబితాపై సంతకం పెట్టకండి: కొత్త ఇల్లు తీసుకోబోయేవారికి హెచ్చరిక

మా ఇంటి అప్పగింత పత్రంపై నేను సంతకం పెట్టి ఎనిమిది నెలలైంది. ఆ రోజు మిగిలిన పనుల జాబితాలో 43 అంశాలుంటే, 39 పూర్తయినట్టు రాసి ఉంది. మిగతా నాలుగూ వారంలో చేసేస్తామని నిర్మాణ సంస్థవారు నోటిమాటగా చెప్పారు. నమ్మి, ఆఖరి వాయిదా కూడా అప్పుడే కట్టేశాను. ఆ నాలుగింటిలో రెండు ఈనాటికీ అలాగే ఉన్నాయి. అంతకన్నా బాధ కలిగించేది, పూర్తయ్యాయన్న 39లో పదకొండు అసలు పూర్తి కాకపోవడం.

నేను చేసిన పెద్ద తప్పు జాబితాను వారి చేతికి వదిలేయడం. సైట్ ఇంజనీరు నాతోపాటు గదులన్నీ తిరిగి, నేను చూపించినవి తన ఫోనులో రాసుకున్నారు. స్నానాల గదిలో నేను చూపించినవి ఆరు టైల్స్. ఆయన రాసుకున్నది "టైల్స్ సరిచేయాలి" అని మాత్రమే. ఒకటి మార్చి ఆ వరుస కొట్టేశారు. పడకగది గోడపై చెమ్మ మరక చూపిస్తే, దానిపై రంగు పూసి "సరిచేశాం" అని రాశారు. రెండు నెలలకే ఆ రంగు పొక్కులు లేచి పెచ్చులుగా ఊడింది. గోడకు అవతల స్నానాల గది ఉంది. పగలగొట్టి చూస్తే పైపు అతుకు దగ్గర నీరు ఊరుతోంది. ఆ ఖర్చంతా నేనే భరించాను, ఎందుకంటే ఆ వరుస పక్కన నా సంతకం ఉంది.

లోపాల బాధ్యత కాలం, అంటే అప్పగింత తర్వాత లోపాలను నిర్మాణ సంస్థే సరిచేయాల్సిన గడువు, ఉంది కదా, తర్వాత చూసుకోవచ్చని మీకూ చెబుతారు. ఆ కాలం ప్రధానంగా అప్పగింత తర్వాత బయటపడే లోపాల కోసం. కంటికి కనిపిస్తూ ఉన్నదాన్ని పూర్తయిందని ఒప్పుకున్నాక, అది వాదనగా మిగిలిపోతుంది.

అందుకే జాబితా మీరే రాయండి. ప్రతి అంశానికీ ఒక సంఖ్య, ఏ గది, ఏ గోడ, నేల నుంచి ఎంత ఎత్తున, లోపం ఏమిటి, ఎవరు చేయాలి, ఏ తేదీకి చేయాలి, అన్నీ ఉండాలి. లోపం దగ్గర ఆ సంఖ్య రాసిన చీటీ అంటించి ఫోటో తీయండి. పని చేసినవారు "చూడటానికి సిద్ధం" అని మాత్రమే రాయాలి. "పూర్తయింది" అని రాసేది మీరు, అదీ వెళ్లి చూశాకే. మా ఇంట్లో ఈ పద్ధతి ఉండి ఉంటే ఆ చెమ్మ రంగు కింద దాగేది కాదు.

పనుల వరుస కూడా అడగండి. ప్లంబరు అతుకు బిగించి, నీటితో పరీక్షించాక మేస్త్రీ గోడ పూయాలి. పూత ఆరాక రంగు వేయాలి. రంగువాళ్లు ముందొస్తే ఎక్కడో ఏదో దాగిపోతోందని అనుమానించండి.

తనిఖీకి పగటిపూట వెళ్లండి. నాణెంతో టైల్స్ తట్టండి. డొల్లగా మోగితే కింద సిమెంటు సరిగా పట్టలేదన్నమాట. స్నానాల గదిలో బకెట్ నీళ్లు పోసి వాటం ఎటు ఉందో, మూలల్లో నీరు నిలుస్తోందో చూడండి. నీరు బయటికి పోయే దారి మూసి 24 గంటలు నిలవ ఉంచి, కింది కప్పునూ పక్క గోడలనూ పరిశీలించండి. టార్చి వెలుగు గోడ వెంట ఏటవాలుగా వేస్తే గతుకులు, సన్నని పగుళ్లు బయటపడతాయి. కుళాయిలన్నీ ఒకేసారి తెరవండి, ప్రతి ప్లగ్గులోనూ ఫోను చార్జరు పెట్టి చూడండి. పైపులు, తీగలు గోడల్లో ఎక్కడెక్కడ వెళ్లాయో చూపే నక్షాలు కూడా తీసుకోండి. అవి లేకే నేను గోడను రెండు చోట్ల పగలగొట్టించాల్సి వచ్చింది.

ఆఖరి చెల్లింపులో కొంత భాగం జాబితా ముగిసేదాకా ఆపి ఉంచే నిబంధనను ఒప్పందంలో ముందే రాయించుకోండి. సొమ్మంతా అందాక పనివారు మరో సైటుకు వెళ్లిపోతారు. ఒక్క తలుపు గడియ కోసం వడ్రంగిని వెనక్కి రప్పించడానికి నేను ఎన్నిసార్లు ఫోను చేశానో లెక్కలేదు.

తాళాలు ఇస్తాం, ఈరోజే సంతకం పెట్టండని తొందరపెడితే, మిగిలిన అంశాల సంఖ్యలన్నీ ఆ పత్రంలోనే రాసి, వాటి కింద సంతకం పెట్టండి. వారి సంతకమూ అక్కడే తీసుకుని, ఆ కాగితం నకలు చేతిలో పడ్డాకే అక్కడి నుంచి కదలండి.