మీట నొక్కితే మారే గాజు: ఏ కిటికీకి ఏది మేలు?

కరెంటుతో రూపు మార్చుకునే గాజునంతటినీ ‘స్మార్ట్ గ్లాస్’ అనే ఒక్క పేరుతోనే అమ్ముతారు. నిజానికి అందులో మూడు రకాలున్నాయి. ఆ తేడా తెలియనివారు, ఎండను ఆపుతుందనుకొని చూపును మాత్రమే ఆపే గాజును బిగించుకునే ప్రమాదం ఉంది.

మూడింటిలో ఆలోచనగా అన్నిటికన్నా పాతది ఎస్‌పీడీ (సస్పెండెడ్ పార్టికల్ డివైస్), అంటే ద్రవంలో తేలే రేణువుల గాజు. ద్రవంలో తేలే సూదుల వంటి సూక్ష్మ స్ఫటికాలను విద్యుత్ క్షేత్రంతో ఒకే దిశకు తిప్పి వెలుగుకు దారి ఇవ్వవచ్చన్న ఎడ్విన్ లాండ్ పేటెంటు 1934 నాటిది. కరెంటు లేకపోతే ఈ గాజు ముదురు నీలంగా ఉంటుంది, ఇస్తే కొద్ది సెకన్లలో తేటపడుతుంది. 2011లో మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే కారు పైకప్పులోకి వచ్చింది. కారుకు తగినదే గాని, ఇంటి కిటికీకి దీన్ని నేను సూచించను.

అసలు పోటీ మిగిలిన రెండింటి మధ్యనే. 1980లలో జేమ్స్ ఫెర్గాసన్, కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన పీడీఎల్‌సీ (పాలిమర్ డిస్పర్స్‌డ్ లిక్విడ్ క్రిస్టల్) గాజులో, ప్లాస్టిక్ వంటి పాలిమర్ పొరలో చిక్కుకున్న ద్రవస్ఫటిక బిందువులు కరెంటు లేనప్పుడు వెలుగును చెదరగొట్టి గాజును పాలలా తెల్లగా చేస్తాయి, కరెంటు రాగానే కనురెప్పపాటులో తేటపరుస్తాయి. అయితే చెదరిన వెలుగులో అధికభాగం గది లోపలికే వస్తుంది కనుక వేడి పెద్దగా తగ్గదు. పైగా తేటగా ఉన్నంతసేపూ కరెంటు అందుతూనే ఉండాలి. సమావేశ గదికి, ఆసుపత్రి గదికి, స్నానాల గదికి మాత్రం దీనిని మించినది లేదు. కరెంటు పోయినా మరుగు చెడదు.

మూడోదైన ఎలక్ట్రోక్రోమిక్, అంటే కరెంటుతో రంగు మారే గాజు, దారి వేరు. టంగ్‌స్టన్ ఆక్సైడు పలుచని పొర విద్యుత్ ప్రభావంతో రంగు మారుతుందని 1969లో ఎస్.కె. దేబ్ ప్రకటించారు. నేటి కిటికీలలో అయిదు వోల్టులకు మించని విద్యుత్తుతో లిథియం అయాన్లు ఆ పొరలోకి చేరగానే గాజు నీలమవుతుంది. తేటగా ఉన్నప్పుడు సుమారు 60 శాతం వెలుగును పోనిచ్చే గాజు, పూర్తిగా ముదిరాక 1 శాతాన్నే పోనిస్తుంది. మారడానికి మాత్రం నిమిషాలు పడుతుంది, పెద్ద పలకకు పది నిమిషాలు దాటవచ్చు. 2011లో ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చిన బోయింగ్ 787 కిటికీలలో రసాయనం వేరైనా పద్ధతి ఇదే.

అందువల్ల విజయవాడలోనో హైదరాబాదులోనో పడమటి ఎండ కొట్టే కార్యాలయపు అద్దాలకు ఖర్చెక్కువైనా ఎలక్ట్రోక్రోమిక్కే నా ఎంపిక. అయితే ముదిరిన గాజు ఆ ఎండను మింగి తానే వేడెక్కుతుంది. కాబట్టి దీన్ని ఒంటి పలకగా కాక, రెండు పలకల కిటికీలో బయటి పలకగానే వాడాలి. లేకపోతే ఆ వేడి గదిలోకే వస్తుంది. ఇల్లు కట్టుకుంటున్నవారు మాత్రం ముందు పడమటి వైపు చూరు దించుకోవాలి, లేదా బయట తడిక కట్టుకోవాలి. అవి ఎండను గాజు దాకా రానివ్వవు, ఆ పని ఈ మూడు గాజులలో ఏదీ చేయలేదు.