కేవ్-ఇన్-రాక్: గుహకన్నా ముందు నదిని చూసుకోండి

ఇల్లినాయ్ దక్షిణ కొసన, హార్డిన్ కౌంటీలో, ఒహాయో నది ఒడ్డున ఉంది కేవ్-ఇన్-రాక్ స్టేట్ పార్క్. సెయింట్ లూయిస్ నుంచైనా, నాష్‌విల్ నుంచైనా కారులో సుమారు మూడు గంటలు. ప్రవేశ రుసుము లేదు.

ఇక్కడ యాత్ర జరగాలా వద్దా అన్నది నది తేలుస్తుంది. గుహ నేల మామూలు నీటిమట్టానికి కొద్ది ఎత్తులోనే ఉంది. ఒహాయో పొంగిందంటే నీళ్లు లోపలికే వస్తాయి, దారి మూసేస్తారు. చలికాలం చివర, వసంతంలో ఈ బెడద ఎక్కువ. పార్కులో ఎండ కాస్తున్నా సరే, ఎగువన సిన్సినాటీ వైపు కురిసిన వాన కొన్ని రోజులకు ఇక్కడికి చేరుతుంది. కాబట్టి స్థానిక వాతావరణం చూసుకుంటే సరిపోదు. ఎగువనున్న షానీటౌన్ ఊరి దగ్గర నీటిమట్టం కొలిచే గేజ్ అంకెలు నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో దొరుకుతాయి. అక్కడ వరద మట్టం 33 అడుగులు. అంకె ఆ దరిదాపుల్లో ఉన్నా, పెరుగుతున్నా ప్రయాణం వాయిదా వేసుకోండి. తగ్గుముఖం పట్టినా పార్కు ఆఫీసుకు ఫోన్ చేసి అడగాలి, ఎందుకంటే నీరు తీసిన చోట ఒండ్రు మిగులుతుంది. పైన ఎండి పెచ్చు కట్టినట్టే ఉంటుంది, అడుగేస్తే జారుతుంది. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా వెళ్లడం మేలు.

పార్కింగ్ నుంచి మెట్లు దిగి ఒడ్డుకు చేరితే గుహ ద్వారం, 55 అడుగుల వెడల్పు. స్ట్రోలర్, వీల్‌చెయిర్ వెళ్లవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను మెట్ల పైనే కూర్చోబెట్టడం మంచిది. బొర్రా, బెలుం చూసిన కళ్లతో వెళ్తే మాత్రం నిరాశే. ఇదీ సున్నపురాయే, కానీ ఆ వింత ఆకారాలు, సొరంగాల వరసలు లేవు. ఒకటే పెద్ద చావడి, లోపలి వైపు కప్పులో ఒక కన్నం, అందులోంచి పడే వెలుగు. చూడ్డానికి అరగంట చాలు. అసలు విలువ లోపల నిలబడి నదివైపు తిరిగినప్పుడు తెలుస్తుంది.

1739లోనే ఫ్రెంచివాళ్లు ఈ గుహను నమోదు చేశారు. 1790ల చివర్లో శామ్యూల్ మేసన్ అనే నది దొంగ దీన్ని స్థావరం చేసుకున్నాడు. అప్పట్లో సరుకుతో దిగువకు సాగే చదును పడవలు ప్రవాహంతో పోవడమే గానీ ఎదురు వెళ్లలేవు. దోపిడీకి అంతకన్నా అనువైన చోటు ఏముంటుంది? ఇప్పుడు అదే నీటిలో పదిహేను బార్జ్‌ల (సరుకు మోసే పెద్ద చదును పడవల) దాకా కట్టిన వరసలు సాగుతాయి. వాటి అలలు ఒడ్డును గట్టిగా కొడతాయి, ప్రవాహమూ బలమైనదే. పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు.

దారిలో ఒక చిక్కుంది. నాష్‌విల్ వైపు నుంచి వస్తే జీపీఎస్ కెంటకీలోని మేరియన్ మీదుగా ఫెర్రీ ఎక్కిస్తుంది. ఫెర్రీ ఉచితం, కారుతో సహా నది దాటొచ్చు. కానీ వరదకు, పొగమంచుకు ఆపేస్తారు, రాత్రంతా నడవదు. ఆగిందంటే ఎగువన షానీటౌన్ వంతెనకో, దిగువన పడూకా వైపు వంతెనకో చుట్టు తిరగాలి, గంటకు పైనే పడుతుంది. ఇల్లినాయ్‌లోనూ ఒక మేరియన్ ఉంది. హోటల్ బుక్ చేసేటప్పుడు రాష్ట్రం పేరు సరిచూసుకోండి.

బసకు పార్కులోనే నది కనిపించే కేబిన్లున్నాయి. తక్కువే కాబట్టి శరదృతువు వారాంతాలకు చాలా ముందే తీసుకోవాలి. రాత్రి నది చప్పుడు వినాలంటే ఇవే సరైనవి. కరెంటున్న క్యాంప్ స్థలాలూ, టెంట్లకు వేరే చోటూ ఉన్నాయి. హోటల్ గదే కావాలంటే ఇల్లినాయ్‌లోని హారిస్‌బర్గ్ చూడండి. పార్కు పక్కనున్న కేవ్-ఇన్-రాక్ ఊరు చాలా చిన్నది. శాకాహారులు పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లడమే నయం. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఒక్క గుహకోసం అంత దూరం వద్దనిపిస్తే షానీ అడవిలోని గార్డెన్ ఆఫ్ ది గాడ్స్ అనే బండల ప్రదేశాన్నీ కలపండి. అక్కడి అబ్జర్వేషన్ ట్రెయిల్ పావు మైలే, కానీ బండల అంచులకు కంచె ఉండదు. పొద్దున అక్కడ, మధ్యాహ్నం గుహ పెట్టుకుంటే ఎండ తగ్గాక ఒడ్డున కూర్చోవచ్చు. రెండు చోట్లా పిడుదులు, తగిలితే దద్దురు లేపే మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ మొక్కలు ఉంటాయి. పొడుగు ప్యాంటు వేసుకుని, తిరిగొచ్చాక పిల్లల కాళ్లు, మెడ, చెవుల వెనక పిడుదులు పట్టాయేమో వెతకండి.