వెనక సీటు కోసం కొన్న కారు: సెకండ్ హ్యాండ్ క్యామ్రీ హైబ్రిడ్‌తో ఏడాదిన్నర

కొత్త ఎస్‌యూవీకని దాచిన డబ్బుతో 2019 మోడల్ టొయోటా క్యామ్రీ హైబ్రిడ్ కొన్నాను. 42 వేల కిలోమీటర్లు తిరిగిన బండి, 21 లక్షలకు వచ్చింది. ఆ మోడల్ 2019 జనవరిలో విడుదలైనప్పుడు ఎక్స్ షోరూం ధరే 36.95 లక్షలు. "ఇంత పొడుగు కారు మన విశాఖ లాసన్స్ బే సందుల్లో ఎలా తిప్పుతావు?" అని మా ఆయన చాలాసార్లు అడిగారు. నా అవసరం వేరు. ద్వారకానగర్‌లో నాకు చిన్న ల్యాబ్ ఉంది, మా ఊరు నరసన్నపేట దగ్గర. నెలకు రెండుసార్లు అమ్మని తీసుకుని వెళ్లి రావాలి. అమ్మకి రెండు మోకాళ్లూ మార్పించాం. కాబట్టి నేను కొన్నది వెనక సీటు, దానితో పాటు కారు వచ్చింది అనుకోండి.

ఆ సీటు గురించే ముందు చెప్తాను. కారు పొడవు 4.88 మీటర్లు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2.82 మీటర్లు. ముందు సీటు బాగా జరిపితే అమ్మ కాళ్లు పూర్తిగా చాపుకుంటుంది. మధ్యలో ఉన్న ఆర్మ్‌రెస్ట్ దించితే దాని మీద టచ్ బటన్లుంటాయి. సీటు వెనక్కి వాలడం, ఏసీ, పాటలు, వెనక అద్దం తెర, అన్నీ అక్కడి నుంచే. మొదటి నెల నేనే నొక్కేదాన్ని. ఇప్పుడు ఆనందపురం దాటగానే "ష్" అని చిన్న మోటారు చప్పుడు వినిపిస్తుంది, అమ్మ సీటు వాల్చుకుంటోందని అర్థం.

ఎక్కడం దిగడం మాత్రం ఎస్‌యూవీ అంత తేలిక కాదు. సీటు కిందికి ఉంటుంది. మేం ఒక పద్ధతి కనిపెట్టాం. తలుపు పూర్తిగా తీసి, అమ్మ ముందు పక్కకి తిరిగి కూర్చుంటుంది, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుతుంది. లెదర్ సీటు మీద పాత పట్టుచీర ముక్క నాలుగు మడతలు పెట్టి వేశాను, ఒళ్లు సులువుగా జారుతుంది. దిగేటప్పుడు నేను చెయ్యి అందించాలి. ఒంటరిగా ఎక్కి దిగాల్సిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్లని ఒకసారి కూర్చోబెట్టి చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.

కొన్న మొదటి రోజు మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగితే అమ్మ కంగారుపడింది. "ఏటే, బండి ఆగిపోనాదేటి?" అంది. ఆగింది ఇంజినే, ఏసీ మాత్రం నడుస్తోంది. హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో నడిచే కరెంటు మోటారు కూడా ఉన్న బండి. నెమ్మదిగా కదిలేటప్పుడు మోటారే లాగుతుంది, అవసరమైతే 2.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ కలుస్తుంది. బ్రేకు మీద కాలు పెడితే ఆ వేగమే కరెంటుగా మారి బ్యాటరీలోకి వెళ్తుంది. సింహాచలం కొండ దిగుతున్నప్పుడు మీటర్‌లో ఛార్జింగ్ గుర్తు పెరుగుతుంటే నాకు ప్రతిసారీ సంతోషంగా ఉంటుంది. మైలేజీ కంపెనీ లెక్కలో లీటరుకు 23.27 కిలోమీటర్లు. నాకు ఊళ్లో 16, 17 మధ్య, హైవే మీద 19 వస్తోంది. నా పాత పెట్రోల్ కారు ఊళ్లో 10 కూడా ఇచ్చేది కాదు. ఒక్కసారిగా గట్టిగా తొక్కితే మాత్రం ఇంజిన్ మోత పెరుగుతుంది. మామూలు గేర్ల బండిలా గేరు మారి తగ్గేది ఉండదు. అందుకే నేను ముందే చూసుకుని ఓవర్‌టేక్ చేస్తాను.

ఇప్పుడు నాకు తగిలిన దెబ్బ. నేను కొన్నది ఊళ్లోనే ఒక సెకండ్ హ్యాండ్ డీలర్ దగ్గర. సర్వీసు రికార్డు పక్కాగా ఉందన్నారు. మే నెలలో వెనక సీటు కింద నుంచి ఫ్యాన్ హోరు మొదలైంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, చివరి రెండేళ్లు ఎక్కడో బయట ఆయిల్ మార్పించడం తప్ప ఏమీ చేయించలేదని తేలింది. ఈ కారులో హైబ్రిడ్ బ్యాటరీ వెనక సీటు కిందే ఉంటుంది. దాన్ని చల్లబరిచే గాలి సీటు ముందు భాగంలో ఉన్న జాలీ గుండా వెళ్తుంది. అక్కడి ఫిల్టర్ తీసి టెక్నీషియన్ నా చేతిలో పెట్టాడు. బూడిద రంగు దుమ్ము దూదిలా పేరుకుని ఉంది, మధ్యలో వెంట్రుకలు. గాలే ఆడకపోతే బ్యాటరీ వేడెక్కక ఏం చేస్తుంది! అదృష్టం, బ్యాటరీ పరీక్షలో బాగానే ఉంది. హైబ్రిడ్ కొనేవాళ్లు డబ్బు ఇవ్వకముందే బ్యాటరీ పరీక్ష చేయించి, రిపోర్టు కాగితం మీద తీసుకోండి. ఆ జాలీకి అడ్డంగా సంచులు, దిండ్లు పెట్టకండి.

హైదరాబాద్‌లో ఇదే బండి లక్షన్నర తక్కువకి చూశాను. కానీ అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, మన దగ్గర మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాక మిగిలేదేమీ లేదు.

సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఒక మాట. హైబ్రిడ్‌లో మామూలు బ్రేకు వాడకం తక్కువ, అందుకని ఉప్పు గాలికి డిస్కుల మీద పట్టిన తుప్పు త్వరగా అరగదు. రెండు రోజులు తియ్యకపోతే మా కారు డిస్కులు నారింజ రంగులోకి వస్తాయి. ఉదయాన్నే ఖాళీ రోడ్డు మీద నాలుగైదుసార్లు కాస్త గట్టిగా బ్రేకు వేస్తాను, పోతుంది. పదిహేను రోజులకోసారి కింది భాగం నీళ్లతో కడిగిస్తాను.

అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు ఎక్కేచోట మొదట్లో అడుగు భాగం గీసుకుంది. ఏటవాలుగా ఎక్కితే తగలదని వాచ్‌మ్యాన్ చూపించాడు. పార్కింగ్ గీత దాటి జానెడు తోక బయటికి ఉంటుంది, పక్క ఫ్లాట్ వాళ్లు మంచివాళ్లు కాబట్టి సరిపోయింది. 18 అంగుళాల టైరు ఒక్కోటి 15 వేలు దాటింది. సర్వీసు 13 వేలైంది.

పాత కారులో ఊరి నుంచి వస్తే శ్రీకాకుళం బైపాస్‌లో ఒకసారి, తగరపువలసలో ఒకసారి ఆపాల్సిందే, అమ్మ మోకాళ్లు పట్టేసేవి. పోయిన ఆదివారం మడపాం టోల్ దాటాక సీటు వాల్చుకుంది. నాతవలస టోల్ దగ్గర చూస్తే నిద్రలో ఉంది, లేపలేదు. తగరపువలస ఎప్పుడో దాటి విశాఖలోకి వచ్చేశాం, హనుమంతువాక సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగింది. కాసేపటికి వెనక నుంచి అడిగింది, "తగరపువలస వచ్చిందేటి?"